సవరల శిష్యుడు: గిడుగు రామమూర్తి

విశాఖపట్టణమునకు పడమటను, ఉత్తరమునను తూర్పు కనుమలు బారులు తీర్చి యున్నవి. అవి వంశధారా నదిని దాటి ఒడిశా దేశములోనికి సాగిపోవును. ఈ కొండలలో అనాదిగా పెక్కు జాతులవారు నివసించుచున్నారు. వారిలో సవరలు మిక్కిలి ప్రాచీనులు. ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్రుల పేరును, శబరుల పేరును ఒక్కచోటనే వినవచ్చుచున్నవి. ఆ శబరుల సంతతివారే నేటి సవరలని పండితులు తలంచుచున్నారు. రామునకు ఫలము లిచ్చి ఆదరించిన శబరి పేరెఱుగని తెలుగువారు లేరు. అయినను పల్లపు భూములలో నివసించు తెలుగువారు తమ పొరుగుననే యున్న సవరలను గూర్చి వేల సంవత్సరములు ఏమియు తెలిసికొనలేదు. వారికి చరిత్ర లేదనియు, వారు పలుకునది భాషయే కాదనియు అనేకులు నమ్మిరి. ఆ నమ్మకము తప్పని నిరూపించుటకు తన జీవితమున సగభాగమును వినియోగించిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి.

రామమూర్తి 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన పర్వతాలపేట యను గ్రామమున జన్మించెను. అది శ్రీకాకుళమునకు ఉత్తరమున వంశధారా తీరమున, ముఖలింగ క్షేత్రమునకు సమీపమున నున్నది. తండ్రి వీర్రాజు పర్లాకిమిడి సంస్థానమున రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ. తండ్రికి విశాఖపట్టణ మండలములోని చోడవరమునకు బదిలీ యయ్యెను. అచ్చట విషజ్వరము సోకి ఆయన మరణించెను. రామమూర్తి అప్పటికి బాలుడు. విశాఖపట్టణముననున్న మేనమామ ఆ కుటుంబమునకు ఆశ్రయ మిచ్చెను. బాలుడు విజయనగరమున మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షయందు కృతార్థుడయ్యెను. అచ్చట ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఈ స్నేహము తరువాతి కాలమున తెలుగుదేశమునకు ఎంతయో మేలు చేసినది.

కుటుంబ భారము మీద పడుటచే రామమూర్తి పై చదువులకు పోజాలక 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. జీతము నెలకు ముప్పది రూపాయలు. బోధింపవలసినది చరిత్ర. ఉద్యోగము చేయుచునే ఇంట చదువుకొని 1886లో ఎఫ్.ఏ. పరీక్షయు, 1896లో బి.ఏ. పరీక్షయు పూర్తి చేసెను. ముఖలింగ దేవాలయములలోని రాతి శాసనములు ఆయన మనస్సు నాకర్షించినవి. వాటి లిపి నేర్పు గురువు ఎవ్వడును లేడు. ఆయన స్వయముగా ఆ ప్రాచీన లిపి నభ్యసించి శాసనములను చదివి, కళింగ దేశమునేలిన గాంగరాజులను గూర్చి ఆంగ్లమున వ్యాసములు ప్రకటించెను. ఏ విషయమునైనను పరులు చెప్పగా విని ఊరకుండక, మూలమునకు పోయి తెలిసికొనుట ఆయన స్వభావము. ఈ స్వభావమే ఆయనను కొండలలోనికి నడిపించినది.

పర్లాకిమిడి కొండల పాదమున నున్న పట్టణము. సవరలు అడవిలో దొరకు వస్తువులను, తాము పండించిన ధాన్యములను నెత్తిన పెట్టుకొని సంతకు దిగి వచ్చుచుండిరి. వారు కష్టజీవులు. కొండ వాలులందు రాళ్లతో గట్లు కట్టి, మెట్లు మెట్లుగా పొలములు తీర్చి, సెలయేటి నీటిని మడినుండి మడికి పారించు నేర్పు వారికి కలదు. కాని సంతలో వారి నేర్పు అక్కఱకు రాలేదు. వ్యాపారి చెప్పిన ధరయే ధర. అతడు వ్రాసికొన్న అప్పే అప్పు. కొండ ప్రాంతములకు 1839లో ప్రత్యేక చట్టము చేసి, వాటి పరిపాలనమును ప్రభుత్వము కలెక్టరు చేతి కప్పగించెను. కాని అధికారులకు సవరభాష రాదు, సవరలకు అధికారుల భాష రాదు. నడుమనుండు దుబాసి ఏమి చెప్పిన అదియే సవర పలికిన మాట. కల్ల యాడుట యెఱుగని వాడు నేరస్థుడయినను, మోసపోయినవాడు అపరాధి యయినను అడుగువారు లేరు.

ఈ స్థితిని చూచినవారు పలువురు. సవరలు చదువురాని వారగుటచేతనే ఇట్లు నష్టపడుచున్నారనియు, వారు తెలుగు నేర్చుకొన్నచో బాగుపడుదురనియు కొందఱు తలంచిరి. రామమూర్తి ఆలోచన వేఱు. కొండవానికి మన భాష రాకపోవుట లోపమైనచో, తరతరములుగా వాని పొరుగున నుండియు మనకు వాని భాష రాకపోవుట అంతకంటె పెద్ద లోపము కాదా యని ఆయన కనిపించినది. వారికి చదువు చెప్పవలయును. చెప్పుటకు ముందు వారినుండి నేర్చుకొనవలయును. ఉపాధ్యాయుడైన రామమూర్తి ఈ విధముగా సవరలకు శిష్యుడయ్యెను.

నేర్చుకొనుటకు పుస్తకములు లేవు. సవరభాషకు అప్పటికి సమగ్రమైన వ్యాకరణము గాని నిఘంటువు గాని ఎవ్వరును వ్రాసియుండలేదు. తెలుగును సవరయు రెండును తెలిసిన యొకనిని ఆయన తన యింటనే యుంచుకొని మాట తరువాత మాట నేర్చుకొనెను. ఆ తరువాత సవర గూడెములకు కాలినడకను పోయి, వృద్ధులయొద్దను బాలురయొద్దను కూర్చుండి, వారి పాటలను, కథలను, నిత్యవ్యవహారమున పలుకు మాటలను వ్రాసికొనెను. ఒక మాటను వ్రాసికొన్న తరువాత దానిని తాను పలికి, సవరలకు వినిపించి, వారు సరియని యొప్పుకొనువరకు దిద్దుకొనవలసి యుండెను.

ఈ విద్యకు ఆయన చెల్లించిన మూల్యము సామాన్యమైనది కాదు. ఆ అడవులు మలేరియా జ్వరమునకు పేరుపడినవి. మాటిమాటికి జ్వరము సోకుచుండగా ఆయన క్వినైను మందును విశేషముగా పుచ్చుకొనవలసి వచ్చెను. దానివలన వినికిడి శక్తి సన్నగిల్లినది. ఇతరుల పలుకులను చెవియొగ్గి వినుటయే పనిగా పెట్టుకొన్న వానికి చెవులే అడ్డుతిరిగినవి! అయినను ఆయన పూనిన పని మానలేదు. కొమారుడు సీతాపతి పెద్దవాడై, తానును సవరభాష నేర్చి, తండ్రి కృషిలో పాలుపంచుకొనెను.

తెలిసికొన్నకొలది ఆ భాష ఆయనకు ఆశ్చర్యము గొల్పినది. సవర తెలుగునకు చెడిపోయిన రూపము కాదు, ఒడియాకును కాదు. అది ముండాభాషలలో నొకటి. సంతాలీ భాష దానికి దగ్గఱి బంధువు. ఖాసీ కొండలలోని భాషయు, సముద్రమున కావలనున్న కంబోడియా దేశపు ఖ్మేరు భాషయు దానికి దూరపు బంధువులు. గొంతును చటుక్కున మూసి పలుకు ధ్వనులు అందు కలవు. వాటిని వ్రాయుటకు తెలుగు లిపిలో అక్షరములు లేవు. లెక్కించు పద్ధతియు విలక్షణమైనది. మనము పదిని ఆధారముగా చేసికొని లెక్కింతుము. సవరలు పండ్రెండు వరకు లెక్కించి, పదుమూడును పండ్రెండునొకటి యందురు. ఇరువది దాటిన పిమ్మట ఇరువదులతో లెక్కింతురు. తొంబదిమూడు అనవలసినచో నాలుగిరువదులు, పండ్రెండు, ఒకటి అని చెప్పుదురు. క్రియాపదములు మఱియు చిత్రములు. కర్తను, కర్మను, కాలమును ఒక్క క్రియలోనే యిముడ్చవచ్చును. నిన్ను పులి పట్టుకొనును అను వాక్యమంతయు సవరలో ఒక్క మాట. ఇట్టి సూక్ష్మమైన నియమములు కలిగి, అవి తప్పకుండ తల్లి యొడిలోనే బిడ్డలకు సంక్రమించు భాషను భాషయే కాదనుట ఎంత యజ్ఞానమో రామమూర్తి గ్రహించెను.

గ్రహించి ఊరకుండలేదు. సవరభాషలో పాఠపుస్తకములను వ్రాసెను. సవరల కథలను, పాటలను సంపుటములుగా కూర్చెను. తన సొంత ధనముతో కొండలలో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతము లిచ్చి, సవర బాలురకు వారి మాతృభాషయందే చదువు చెప్పించెను. స్వల్పమైన జీతముతో సంసారమును నడుపుకొను ఉపాధ్యాయునకు ఇది ఎంత కష్టమో ఊహింపవచ్చును. మదరాసు ప్రభుత్వము ఆయన కృషిని గుర్తించి 1913లో రావుసాహెబు బిరుదము నిచ్చెను. సుమారు ముప్పదియైదు సంవత్సరముల పరిశ్రమకు ఫలముగా 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర-ఆంగ్ల నిఘంటువును మదరాసు ప్రభుత్వము ముద్రించినది. ఇప్పటికిని ముండాభాషలను పరిశోధించు పండితులకు ఆ గ్రంథములు ఆధారములుగా నున్నవి.

కొండలలో నేర్చుకొన్న పాఠమును రామమూర్తి తెలుగుదేశమున కంతటికిని అన్వయించెను. సవర బాలునకు తల్లిభాషలో చెప్పినపుడు చదువు తేలికగా అబ్బుచున్నది. మఱి తెలుగు బాలునకో? అతడు ఇంట మాటలాడు తెలుగొకటి, బడిలో వ్రాయవలసిన తెలుగు మఱియొకటి. ఆ కాలమున యేట్సు దొర ఉత్తర మండలములలో పాఠశాలల పర్యవేక్షకుడు. పి.టి. శ్రీనివాస అయ్యంగారు విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలకు అధ్యక్షుడు. వీరిరువురును, బాల్యమిత్రుడగు గురజాడయు, రామమూర్తియు ఏకమై, శిష్టులు పలుకు వ్యావహారికభాష గ్రంథములలోను పాఠశాలలలోను ఉండవలయునని వాదింప మొదలిడిరి. రామమూర్తి 1911లో ఉద్యోగమును విరమించి తన కాలమంతయు ఈ యుద్యమమునకు వినియోగించెను. 1919లో తెలుగు అను మాసపత్రికను స్థాపించెను. ఊరూర సభలలో ప్రాచీన గ్రంథములనుండియు శాసనములనుండియు ప్రమాణములు చూపుచు పండితులతో వాదించెను. ప్రతిపక్షులు పెక్కురు, అవహేళన చేసినవారును కలరు. తుదకు పత్రికలును, పాఠ్యగ్రంథములును ఆయన కోరిన త్రోవనే పట్టినవి. ఆయన జన్మదినమగు ఆగస్టు 29వ తేదీని నేడు తెలుగుభాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

రామమూర్తి కొండలలో తిరుగుచున్న కాలముననే అమెరికా దేశమున ఇట్టి కృషియే మఱియొకటి ఆరంభమైనది. ఆఫ్రికా ఖండమునుండి బలాత్కారముగా కొనిపోబడి, తరతరములు బానిసలుగా మగ్గిన నల్లజాతివారు ఆ దేశమున లక్షలమంది కలరు. రామమూర్తి జన్మించిన 1863వ సంవత్సరముననే అధ్యక్షుడగు లింకను వారి విముక్తిని ప్రకటించెను. సంకెలలు తెగినను తిరస్కారము తొలగలేదు. నల్లజాతికి చరిత్ర లేదని బడులలో బోధించుచుండిరి. ఆ జాతియందు 1868లో జన్మించిన డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ హార్వర్డు విశ్వవిద్యాలయమున 1895లో డాక్టరు పట్టమును పొందెను. నల్లజాతివారిలో ఆ విశ్వవిద్యాలయమున ఆ పట్టమును పొందిన ప్రథముడు ఆయనయే. 1896లో ఫిలడెల్ఫియా నగరమున నల్లజాతివారు నివసించు పేటకు ఆయన భార్యతో కాపురము పోయి, సుమారు రెండువేల ఐదువందల యిండ్లకు స్వయముగా పోయి, వారి ఆదాయములను, వృత్తులను, కష్టములను అడిగి వ్రాసికొనెను. వారి దుఃస్థితికి వారి పుట్టుక కారణము కాదనియు, నిన్నటి బానిసత్వమును, నేడు పనియిచ్చువారు చూపు పక్షపాతమును కారణములనియు 1899లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. బానిసలుగా నుండిన తలిదండ్రులకు జన్మించి, బొగ్గు గనులలో పనిచేసి చదువుకొన్న కార్టర్ ఉడ్‌సన్ 1915లో నల్లజాతి జీవితమును, చరిత్రను పరిశోధించుటకు ఒక సంఘమును స్థాపించి, మఱుసటి యేడు పత్రికను నడప మొదలిడెను. 1926నుండి ఆ జాతి చరిత్రకై ఫిబ్రవరి నెలలో ఒక వారమును కేటాయించి ఉత్సవముగా జరిపించెను. ఈ కృషి నానాట పెరిగి, 1968లో సాన్‌ఫ్రాన్‌సిస్కో నగరములోని కళాశాలలో విద్యార్థులు సమ్మె చేసి సాధించిన ఫలితముగా, ఆఫ్రికా సంతతివారి చరిత్రయు, సంస్కృతియు కళాశాలలలో ప్రత్యేక శాఖలుగా వెలసినవి.

ఈ రెండు చరిత్రలకును పోలిక యున్నది. ఒక జాతిని దూరమునుండి చూచి తీర్పు చెప్పుట విద్య కాదు. ఆ జాతివారి యింటికి పోయి, వారు చెప్పునది విని, వినినదానిని తప్పు లేకుండ వ్రాయుటయే విద్య. ఇందు అమెరికా పండితులును రామమూర్తియు ఒక్కటే త్రోవ నడచిరి. కాని యొక భేదమును కలదు. డుబాయిస్, ఉడ్‌సన్ తమ జాతిని గూర్చి తామే వ్రాసికొనిరి. రామమూర్తి సవర కాడు. ఎంత ప్రేమించినను ఆయన వెలుపలివాడే. సవరలు తమ్మును గూర్చి తామే పలుకు దినము రావలసి యుండెను. అదియు ఆయన జీవితకాలముననే వచ్చినది. 1936లో మంగై గోమాంగో అను సవర తన భాషకు ఇరువదినాలుగు అక్షరములు గల క్రొత్త లిపిని నిర్మించెను. దానిని సొరంగ సొంపెంగ్ అందురు. తెలుగు అక్షరములతోను, ఇతర సంకేతములతోను పండితులు వ్రాసిన భాషకు ఆ భాష పలుకువాడే రూపమిచ్చెను. 2012లో ఆ లిపికి యూనికోడు నందు స్థానము దొరకుటచే నేడు యంత్రములపై గూడ వ్రాయుటకు వీలగుచున్నది.

ఆ 1936వ సంవత్సరమే రామమూర్తికి దుఃఖమును తెచ్చినది. ఒడిశా రాష్ట్రము క్రొత్తగా ఏర్పడి పర్లాకిమిడి అందు చేరెను. దానికి అసమ్మతిని తెలుపుచు, ఏబదియైదు సంవత్సరములకు పైగా నివసించిన ఊరిని విడిచి ఆ వృద్ధుడు రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. తాను శిష్యుడై తిరిగిన కొండలు అప్పటినుండి ఆయనకు దూరమైనవి. అంతకు ముందే 1934లో ప్రభుత్వము కైజర్-ఇ-హింద్ పతకముతో ఆయనను సత్కరించియుండెను. 1938లో విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదము నిచ్చి గౌరవించినది. 1940వ సంవత్సరము జనవరి 22వ తేదీన రామమూర్తి కన్నుమూసెను.

ఆయన నాటిన విత్తనము వెంటనే వృక్షము కాలేదు. కొండలలోని బడులలో చిరకాలము సవర బిడ్డలకు ఇతర భాషలలోనే చదువు చెప్పబడినది. తెలియని భాషలోని పాఠము అర్థము కాక చదువు మానిన పిల్లలు ఎందఱో కలరు. 2004లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సవర మొదలుగా కొన్ని గిరిజన భాషలలో ప్రాథమిక విద్యను నేర్పుటకు పూనుకొన్నది. రామమూర్తి తన ముప్పది రూపాయల జీతముతో ఆరంభించిన కార్యము ఇదియే. 2011 జనాభా లెక్కలలో సవర తమ మాతృభాషయని చెప్పినవారు నాలుగు లక్షలకు పైగా నుండిరి.

విశాఖపట్టణము నేడు మహానగరము. 1933లో ప్రారంభమైన నౌకాశ్రయమునకు దేశదేశముల ఓడలు వచ్చుచున్నవి. ఉక్కు కర్మాగారమున వేలమంది పనిచేయుచున్నారు. అనేక భాషలు పలుకువారు ఒక్క వీథిలో నివసించుచున్నారు. సీతంపేట కొండలనుండి చదువుకై వచ్చిన సవర బాలుడు తరగతిలో మన ప్రక్కనే కూర్చుండవచ్చును. అతని తెలుగు తడబడినపుడు నవ్వుట సులభము. అతని భాషలో పండ్రెండు తరువాత ఎట్లు లెక్కింతురో అడిగి నేర్చుకొనుట రామమూర్తి చూపిన మార్గము.